మరొకరి చేతికి అందేలా: ధమ్మ ప్రసంగాలను రికార్డు చేసి నిలబెట్టే సేవ

విహారంలోనో ధ్యాన కేంద్రంలోనో సేవ చేయాలనుకునేవారికి కళ్లెదుట కనిపించే పనులు వంట, శుభ్రత, వసతి, చందాలు. మైకు పెట్టి ప్రసంగం రికార్డు చేసే మనిషి ఒక మూల కూర్చుంటాడు. ఆయన సేవ ప్రసంగంతో పాటే ముగిసిపోయిందని అందరూ అనుకుంటారు, చాలాసార్లు ఆయనా అలాగే అనుకుంటాడు. నిజానికి రికార్డు చేయడం గంట పని. దాన్ని ముప్పై ఏళ్ల తర్వాత కూడా వినగలిగేలా నిలబెట్టడం ఏ ఒక్కరి వల్లా అయ్యేది కాదు. అందుకే ఈ రంగంలో స్వచ్ఛంద సేవకుడి గొప్పతనాన్ని చెవి పదునుతోనో పరికరాల ఖరీదుతోనో కొలవకూడదని నా వాదన. మీరు రేపటి నుంచి రాకపోతే, ఆ పనిని ఇంకొకరు వచ్చి ఆగినచోటి నుంచి ఎత్తుకోగలరా? ఈ సేవకు అదొక్కటే నమ్మదగిన కొలత. ఈ అధ్యాయంలో చెప్పే ప్రతి జాగ్రత్తా ఆ ప్రశ్నకు అవునని జవాబు చెప్పగలగడానికే.

ఒక్క గొంతులో ఉన్నది ఎప్పుడూ ప్రమాదంలోనే

బౌద్ధం ఈ పాఠాన్ని యంత్రాలకన్నా చాలా ముందే నేర్చుకుంది. బుద్ధుడి బోధ కొన్ని శతాబ్దాల పాటు నోటి మీదే నిలిచింది. ఆయన పరినిర్వాణం తర్వాత రాజగృహంలో భిక్షువులు సమావేశమై, ఆయన శిష్యుడు ఆనందుడు తాను విన్నవి వినిపించగా అందరూ కలిసి వల్లించి ఖాయం చేశారని సంప్రదాయం చెబుతుంది. తర్వాత ఆ భారాన్ని, బోధను కంఠస్థం చేసి వల్లించే భాణకులు పంచుకున్నారు. దీఘ నికాయం కొందరిది, మజ్ఝిమ నికాయం మరికొందరిది. పదిమంది కలిసి వల్లిస్తున్నప్పుడు ఒకరు తప్పితే మిగతావారి గొంతులే ఆ తప్పును పట్టిస్తాయి. గుర్తుపెట్టుకోవడంతో పాటు సరిచూసుకోవడం కూడా ఆ పద్ధతిలోనే ఇమిడి ఉంది. ఆ పద్ధతి బలహీనపడినప్పుడు ఏమవుతుందో వినయ అట్ఠకథ ఒక ఉదంతంతో చెబుతుంది. శ్రీలంకలో వచ్చిన ఒక కరువు కాలంలో మహానిద్దేసం అనే గ్రంథం ఒకే ఒక్క భిక్షువుకు కంఠస్థంగా మిగిలింది. ఆయన నడత మంచిది కాదు. అయినా ఆయనతో పాటే ఆ గ్రంథం పోకూడదని, వెనకాడుతున్న ఒక థేరుణ్ణి ఒప్పించి ఆ భిక్షువు దగ్గరే నేర్పించారు. క్రీస్తుపూర్వం 1వ శతాబ్దంలో వట్టగామణి అభయ రాజు కాలంలో త్రిపిటకాన్ని రాతలోకి ఎక్కించడం వెనక ఇలాంటి భయమే ఉంది. శ్రీలంకలోని ఆలువిహారను ఈనాటికీ ఆ పని జరిగిన చోటుగా చూపుతారు.

మన నేల మీద కూడా ఇందుకు సాక్ష్యం ఉంది. నాగార్జునకొండ మహాచైత్యం దగ్గర, ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి ఆరో పాలనా సంవత్సరంలో వేయించిన ఆయక స్తంభ శాసనాలు ఆ చైత్య నిర్మాణపు పనిని ఆనందుడనే మరో భదంతుడు పూర్తి చేయించాడని చెబుతాయి. ఆయన దీఘ, మజ్ఝిమ నికాయాలను ధారణలో ఉంచుకున్నవాడు. ఇటుక పని చూసుకున్నదీ బోధను గుండెలో మోసినదీ ఒకే మనిషి. సాంకేతిక పని తక్కువదని, ధమ్మం దాని పైమెట్టని అనుకునేవారు ఈ శాసనాన్ని తలచుకోవాలి. దానిలో ఇంకొకటి గమనించండి. ఏ రాజు పాలనలో, ఏ ఏడు, ఏ పక్షం, ఏ రోజు, దానం ఎవరిది, పని చేయించింది ఎవరు, ఆయన ఏ ఆచార్యుల శిష్యుడు అనే వివరాలన్నీ అందులో ఉన్నాయి. పదిహేడు వందల ఏళ్ల తర్వాత ఆ రాయి మనకు అర్థమవుతున్నది ఆ వివరాల వల్లే. పేరూ తేదీ లేని క్యాసెట్‌కు ఆ భాగ్యం ఉండదు.

టేపు ఆగదు

ఫిలిప్స్ కంపెనీ 1963లో తెచ్చిన కాంపాక్ట్ క్యాసెట్ బౌద్ధ ప్రపంచం నడకను మార్చింది. దానికి ముందే పెద్ద రీళ్ల టేపులు ఆ పని మొదలుపెట్టాయి. అమెరికాలో జెన్ ఆచార్యుడు షున్‌ర్యూ సుజుకీ ఇచ్చిన ప్రసంగాల రికార్డింగుల నుంచే 1970లో 'జెన్ మైండ్, బిగినర్స్ మైండ్' పుస్తకం తయారైంది. ఆయన 1971లో కన్నుమూశారు. మసాచుసెట్స్‌లోని బారేలో ఉన్న ధ్యాన కేంద్రం చుట్టూ పెరిగిన ధర్మ సీడ్ సంస్థ 1980ల తొలి ఏళ్లలో టేపుల గ్రంథాలయంగా మొదలై, ఇప్పుడు విపస్సనా ఆచార్యుల ప్రసంగాలను ఇంటర్నెట్‌లో ఉచితంగా అందిస్తోంది. థాయిలాండ్ భిక్షువు బుద్ధదాస 1993లో పోయారు. ఆయన రాతప్రతులనూ రికార్డింగులనూ కాపాడే భాండాగారం 2010లో బ్యాంకాక్‌లో తెరుచుకుంది. విపస్సనా ఆచార్యుడు సత్యనారాయణ గోయెంకా ఉదాహరణ మనకు ఇంకా దగ్గరిది. 1976లో మొదలైన హైదరాబాద్ ధ్యాన కేంద్రం ధమ్మఖేత్తలో గానీ, ఇగత్‌పురిలో గానీ, విదేశాల్లో గానీ పది రోజుల శిబిరం ఆయన రికార్డు చేసిన సూచనలతో, ప్రవచనాలతోనే నడుస్తుంది. 2013లో ఆయన మరణించాక కూడా శిబిరాలు ఆగలేదంటే అందుకు ఒక కారణం ఆ రికార్డింగులు పద్ధతిగా భద్రమై ఉండటమే. బౌద్ధ సంఘంలో శబ్ద సేవకుడి పని బోధనలో ఎంత భాగమో చెప్పడానికి ఇంతకన్నా బలమైన ఆధారం అక్కర్లేదు.

ఈ పేరున్న సంస్థల వెనక పేరులేని అల్మరాలు ఎన్నో ఉన్నాయి. ఊరి బుద్ధ విహారంలో వచ్చిపోయిన భిక్షువుల ప్రసంగాలు, అంబేడ్కర్ జయంతి సభల్లో పెద్దలు మాట్లాడిన మాటలు, తెలుగులో పాడిన బుద్ధ వందనలు అట్టపెట్టెల్లో ఉంటాయి. 1955లో బీబీసీ అంబేడ్కర్‌తో చేసిన ఇంటర్వ్యూను ఈరోజు ఎవరైనా తమ ఫోనులో వినగలరు. ఆ గొంతులోని నిదానం, పట్టుదల అచ్చు పేజీలో దొరకవు. మన ఊరి పెద్దల గొంతులకూ ఆ అవకాశం ఉండాలంటే పని ఇప్పుడే మొదలవ్వాలి. ఎందుకంటే టేపు మూలన పడి ఉన్నప్పుడు కూడా పాడవుతూనే ఉంటుంది. దాని ప్లాస్టిక్ పట్టీ మీద అయస్కాంత పొడిని అంటిపెట్టి ఉంచే జిగురు గాలిలోని తేమను పీల్చి విరిగిపోతుంది. 1970, 80ల నాటి కొన్ని రకాల రీళ్లలో ఆ జిగురు పాకంలా మారి, తిప్పినప్పుడు కీచుమంటూ యంత్రానికి అతుక్కుంటుంది. ఇంకా పాత అసిటేట్ రీళ్లు పులిసి వెనిగర్ వాసన వేస్తాయి. కోస్తా ఊళ్ల తేమలో క్యాసెట్ల మీద తెల్లటి బూజు పడుతుంది. టేపు బాగున్నా దాన్ని తిప్పే మంచి యంత్రాలూ, వాటి విడిభాగాలూ, బాగుచేసే చేతులూ తరిగిపోతున్నాయి. ఆస్ట్రేలియా జాతీయ చలనచిత్ర, ధ్వని భాండాగారం 2015లోనే 2025ను గడువుగా ప్రకటించింది. ఆలోపు డిజిటల్‌లోకి మారని టేపుల్లో చాలా భాగం దక్కదని హెచ్చరించింది. ఆ గడువు వచ్చేసింది.

టేపు నుంచి ఫైలుకు

మొదటి అడుగు యంత్రం దగ్గర కాదు, నోటుపుస్తకం దగ్గర పడాలి. ప్రతి క్యాసెట్‌కూ ఒక సంఖ్య ఇవ్వండి. పెట్టె మీదా క్యాసెట్ మీదా ఉన్న రాతనంతటినీ, తప్పనిపించినా, ఉన్నదున్నట్టు రాసుకోండి, ఫొటో తీయండి. ఆ ప్రసంగం ఎప్పటిదో, మాట్లాడింది ఎవరో చెప్పగల పెద్దలు ఉంటే ముందు వాళ్ల దగ్గరకు వెళ్లండి. టేపు ఇంకో ఏడాది ఆగవచ్చు, వాళ్ల జ్ఞాపకం ఆగకపోవచ్చు. తర్వాత క్యాసెట్ వెనక అంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ పలకలను విరిచేయండి. ఇక పొరపాటున ఎవరూ దాని మీద కొత్తగా రికార్డు చేయలేరు. బూజు పట్టిన టేపును, కీచుమనే రీలును, వెనిగర్ వాసన వేసేదాన్ని తిప్పకండి. విడిగా పెట్టి నిపుణులకు అప్పగించండి. జిగురు పాడైన రీళ్లను నియమిత ఉష్ణోగ్రతలో మెల్లగా వేడి చేసి తాత్కాలికంగా బాగుచేసే పద్ధతి ఉంది గానీ, అది ఇంటి వంటపొయ్యి మీద చేసే పని కాదు, అన్ని రకాల టేపులకూ పనికిరాదు. ఎక్కడ ఆగాలో తెలియడం కూడా ఈ సేవలో నైపుణ్యమే.

మంచి స్థితిలో ఉన్న క్యాసెట్‌ను ఒకసారి చివరిదాకా ముందుకు, మళ్లీ వెనక్కి తిప్పితే చుట్ల బిగువు సమం అవుతుంది. యంత్రం హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. మాట బొంగురుగా, మూసుకుపోయినట్టు వినిపిస్తే హెడ్ కోణం తేడాగా ఉందని అర్థం. దాని పక్కనుండే చిన్న మరను కొద్దికొద్దిగా తిప్పుతూ హల్లుల పదును బాగా తెలిసేచోట ఆపాలి. టేపు నుంచి తీసేటప్పుడు ఈ ఒక్క సవరణ తెచ్చే మేలును తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ తేలేదు. ధ్వని భాండాగారాల అంతర్జాతీయ సంఘం ఐఏఎస్ఏ మార్గదర్శకాల ప్రకారం కనీసం 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ నాణ్యత ఉండాలి. వీలైతే 96 కిలోహెర్ట్జ్ మేలు. ఫైలు వేవ్ రూపంలో ఉండాలి. 96 కిలోహెర్ట్జ్‌లో గంట స్టీరియోకు సుమారు 2 గిగాబైట్లు పడుతుంది. అంటే 90 నిమిషాల క్యాసెట్లు వంద ఉన్నా దాదాపు 310 గిగాబైట్లే. ఒక టెరాబైట్ డిస్కులో మూడో వంతుకు మించదు. కాబట్టి చోటు లేదని నాణ్యత తగ్గించాల్సిన కాలం ఇది కాదు. ఖర్చయ్యేది మీ సమయమే. 90 నిమిషాల టేపుకు 90 నిమిషాలూ కూర్చోవాలి, వింటూ ఉండాలి, ఎక్కడ శబ్దం పోయిందో రాసుకోవాలి. ఆ ఓపికే ఇక్కడ దానం.

కొత్త రికార్డింగులు

పాతవి కాపాడుతూ కొత్తవాటిని నిర్లక్ష్యం చేస్తే రేపటివారికి అదే బాధ మిగులుతుంది. మంచి రికార్డింగుకు మొదటి సూత్రం మైకు నోటికి దగ్గరగా ఉండటం. హాలు వెనక పెట్టిన ఖరీదైన మైకు కన్నా చీవరానికి తగిలించిన మామూలు కాలరు మైకు మేలు. ఫ్యాను గాలి మైకుకు తగలకూడదు. లెవెల్‌ను మాటల శిఖరాలు మీటరు సున్నాకు 12 డెసిబెళ్లు కింద ఉండేలా పెట్టుకుంటే ధ్యానపు గంట మోగినప్పుడు కూడా శబ్దం చిట్లదు. ధ్యాన శిబిరాల రికార్డింగుకు ఇంకో ప్రత్యేకత ఉంది. చాలా పరికరాల్లో శబ్దం తగ్గితే దానంతటదే పెంచే ఏర్పాటు ఉంటుంది. దాన్ని ఆపకపోతే మౌనం వచ్చిన ప్రతిసారీ ఫ్యాను హోరు లేచి నిలబడుతుంది. అలాగే మౌనాలను కత్తిరించే సాఫ్ట్‌వేర్ వాడకూడదు. సూచనకూ సూచనకూ మధ్య ఆచార్యుడు ఇచ్చిన వ్యవధి కూడా బోధలో భాగమే. ప్రసంగానికి ముందు మీ గొంతుతోనే తేదీ, ఊరు, వక్త పేరు, సందర్భం చెప్పి రికార్డు చేయండి. ఫైలు పేరు మారిపోయినా ఆ మాట లోపలే ఉంటుంది. నాగార్జునకొండ స్తంభం మీది రాత చేసిన పనే అది కూడా చేస్తుంది.

ప్రతులు, సరిచూపు, చిట్టా

ఫైలు తయారవగానే పని అయిపోయిందని అనిపించడం సహజం. అసలు ప్రమాదం అక్కడే మొదలవుతుంది. హార్డ్ డిస్కులు హెచ్చరించకుండా ఆగిపోతాయి. ఇంట్లో రాసిన సీడీల రంగు పొర మారిపోతుంది. అందుకే కనీసం మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, అందులో ఒకటి వేరే ఊళ్లో ఉండాలన్నది పాటించాల్సిన నియమం. విహారం అల్మరాలో ఒకటి, క్లౌడులో ఒకటి, ఇంకో ఊరి సంఘం దగ్గర ఒకటి ఉంటే వరదొచ్చినా దొంగతనం జరిగినా గొంతు బతుకుతుంది. ప్రతి ఫైలుకూ చెక్‌సమ్ తీసి దాచండి. ఫైలులోని సమాచారమంతటి నుంచి లెక్కకట్టిన ఒక చిన్న సంకేతం అది. ఒక్క బిట్టు మారినా సంకేతం మారిపోతుంది. ఏడాదికోసారి మళ్లీ లెక్కకట్టి పాతదానితో పోల్చితే ఏ ప్రతి చెడిందో తెలుస్తుంది, మంచి ప్రతితో దాన్ని సరిచేయవచ్చు. భాణకులు కలిసి వల్లిస్తూ ఒకరి తప్పును మరొకరు పట్టుకున్న పద్ధతే ఇక్కడ యంత్రం చేతిలో సాగుతోంది. వీటన్నిటికీ ఒక చిట్టా, దానితో పాటు ఏది ఎక్కడుందో, పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉందో, పని ఎక్కడిదాకా వచ్చిందో చెప్పే రెండు పేజీల సూచనపత్రం తెలుగులో రాసి సంఘానికి ఇవ్వండి. ఎంత శ్రమపడి చేసినవైనా ఒక్కరి లాప్‌టాప్‌లో, ఒక్కరి ఈమెయిల్ ఖాతాలో ఉన్న రికార్డింగులది ఒక్కరి కంఠంలో మిగిలిన మహానిద్దేసం గతే.

అనిత్యమైనప్పుడు ఎందుకీ తాపత్రయం?

బౌద్ధుల నుంచే వచ్చే అభ్యంతరం ఇది, తేలిగ్గా తీసిపారేయదగినది కాదు. సంస్కారాలన్నీ అనిత్యమని చెప్పే ధమ్మంలో గొంతులను పట్టి ఉంచాలనుకోవడం తగులాటమే కదా అని అడుగుతారు. అనిత్యం తెలిసినవారే బోధను కలిసి వల్లించి ఖాయం చేసే సంగీతులు జరిపారు, తాళపత్రాల మీద రాశారు, పాడైన ఆకులను తిరిగి రాశారు. పోతుందని తెలియబట్టే ఆ శ్రమ అవసరమైంది. తగులాటం ఉందో లేదో చూపే గుర్తు వేరే ఉంది. దాచినది పంచబడుతోందా లేదా అన్నదే ఆ గుర్తు. తాను తీసిన రికార్డింగు తన పేరు లేకుండా తిరుగుతుంటే మనసు నొచ్చుకునే సేవకుడు తనను తాను పరిశీలించుకోవాలి. గురువు గొంతు అందరికీ చేరుతోందని సంతోషించేవాడికి ఈ అభ్యంతరం వర్తించదు.

ఇక రెండో అభ్యంతరం ఆచరణకు సంబంధించినది. ఫోనులో రికార్డు చేసి యూట్యూబ్‌లో పెడితే చాలదా అంటారు. పంచడానికి అది చక్కని మార్గం, వాడండి. కానీ అక్కడ చేరేది కుదించిన ప్రతి. ఖాతా మూతపడినా, నియమాలు మారినా మన చేతిలో ఏమీ ఉండదు. కాబట్టి అది పంపిణీకి వాకిలి మాత్రమే, మూలప్రతికి ఇల్లు వేరే ఉండాలి. అలాగే కొత్త సాఫ్ట్‌వేర్ రొదనంతా తీసేస్తుంది కదా, బాగుచేసిన ప్రతి ఒక్కటి ఉంచితే చాలదా అని కొందరు అడుగుతారు. రొద తీసే సాఫ్ట్‌వేర్ మాట చివరి అక్షరాలను, ఊపిరిని, పాళీ పారాయణంలోని సన్నని స్వరాలను కూడా రొదగా భావించి తినేస్తుంది. శ్రోతల కోసం శుభ్రం చేసిన ప్రతి వేరుగా చేయండి, ఏమేం మార్చారో చిట్టాలో రాయండి. మూలాన్ని మాత్రం ఎన్నడూ ముట్టుకోవద్దు. పదేళ్ల తర్వాత మెరుగైన సాధనం వస్తే అప్పటివారికి పనికొచ్చేది ఆ మూలమే.

దాచినదంతా అందరికీ వినిపించాలా అన్న ప్రశ్న అన్నిటికన్నా బరువైనది. ప్రశ్నోత్తరాల సమయంలో ఒక సాధకురాలు తన ఇంటి దుఃఖం చెప్పుకుని ఉండవచ్చు. ఆమె ఆ గదిని నమ్మి మాట్లాడింది, లోకాన్ని కాదు. వజ్రయాన సంప్రదాయంలో అభిషేకం పొందినవారికే చెప్పే బోధలుంటాయి. మన కాపీరైట్ చట్టం ప్రకారం కూడా బహిరంగ ప్రసంగంపై మొదటి హక్కు ప్రసంగించినవారిదే, మైకు పట్టినవారిది కాదు. అందువల్ల కాపాడటాన్నీ ప్రచురించడాన్నీ రెండు నిర్ణయాలుగా చూడాలి. మొదటిది సేవకుడు చేయవచ్చు, రెండోది ఆచార్యుడూ సంఘమూ కలిసి చేయాలి. అనుమతి ఎవరిచ్చారో, ఏ షరతుతో ఇచ్చారో చిట్టాలో ఒక వరుస ఉండాలి. అనుమతి తెలియనివి మూసి ఉంచండి, చెరపకండి.

చివరగా, ఇంత పనిని జీతం తీసుకునే నిపుణులకు వదిలేయాలన్న మాట ఉంది. పాడైన రీళ్ల విషయంలో అది నిజమని పైన ఒప్పుకున్నాం. మిగతాదానిలో ఎక్కువ భాగానికి కావలసింది ఆ భాష, ఆ పారాయణం, ఆ మనుషులు తెలిసిన చెవి. వందనలో ఏది ఆగిపోయిందో, ప్రసంగంలో వినిపించే పేరు ఎవరిదో బయటి స్టూడియో చెప్పలేదు. సంఘం చెప్పగలదు.

కాబట్టి ఈ అధ్యాయం మూసి చేయాల్సిన పని ఇది. మీ విహారంలోనో సంఘంలోనో ఉన్న క్యాసెట్లను, సీడీలను, ఫోనుల్లోని ఫైళ్లను ఈ వారం లెక్కపెట్టి ఒక చిట్టా మొదలుపెట్టండి. వాటిలో అత్యంత పాతదీ, ఇంకో ప్రతి లేనిదీ ఎంచుకుని ముందు దాన్ని డిజిటల్‌లోకి మార్చి మూడు చోట్ల పెట్టండి. ఆ తర్వాత, రెండో క్యాసెట్ కన్నా ముందు, ఒక యువకుణ్ణో యువతినో పక్కన కూర్చోబెట్టుకుని మీరు నేర్చుకున్నదంతా చేసి చూపించండి. రెండోది వాళ్లనే చేయనివ్వండి. మీ సాయం లేకుండా వాళ్లు మూడోది పూర్తి చేసిన రోజున మీ సేవ నిలబడినట్టు.